కొండ మీది అన్నలు

ఏప్రిల్ 3, 1746

వెండెల్ వెళ్ళిపోయాడు. గొడ్డలి, రెండో చొక్కా పట్టుకుపోయాడు. నాతో ఒక్క ముక్క చెప్పలేదు. ఎక్కడికో పొరుగింటి ట్రుటర్ చెబితే తెలిసింది.

"ఏలీములో కలిశాడమ్మా మీ ఆయన. ఆ తెల్లంగీల గుంపులో. ఇక గడ్డం పెంచుకుని, రాళ్ళు కాచి బంగారం తీస్తాడు చూస్కో."

నవ్వాడు. నేనూ నవ్వాను. ఏడిస్తే పెళ్ళాం కాట్రిన్‌తో చెబుతాడు, కాట్రిన్ లోయంతా చెబుతుంది.

వారంలో వెనక్కి తీసుకొచ్చేస్తాను.

ఏప్రిల్ 6

ఆవుల్ని ట్రుటర్ వాళ్ళకి అప్పజెప్పాను. మా పాప లీస్‌బెత్ దగ్గరికి వెళ్ళి వచ్చాను. జనవరిలో పూడ్చినప్పుడు నేల గడ్డకట్టి ఉంది. ఇప్పుడు మంచు కరిగి మట్టి కుంగింది. చేతులతోనే పూడ్చి సర్దాను. ఐదేళ్ళ పిల్లకి గొంతు మూసుకుపోయే జబ్బు ఎందుకివ్వాలో దేవుడికే తెలియాలి. పాస్టరు రాలేకపోయాడు, దారులన్నీ మంచు. ఒక పాట కూడా లేకుండా పూడ్చాం.

ఆ సంగతి ఈ కాగితాల మీద రాయదలచుకోలేదు.

ఏప్రిల్ 9

ఏలీము. వాగు ఒడ్డున మూడంతస్తుల చెక్క ఇళ్ళు రెండు, ఒకటి అన్నలది, ఒకటి అక్కలది. కొండ మీద విడిగా ఇంకొకటి. దానికి కిటికీలు పైన మాత్రమే ఉన్నాయి.

అక్కల ఇంటి గుమ్మంలో ఒక పొడుగాటి మనిషి అడ్డంగా నిలబడింది. ముసుగులోంచి ముక్కు ఒక్కటే కనిపిస్తోంది.

"మొగుడి కోసం వచ్చావా, దేవుడి కోసం వచ్చావా?"

"మొగుడి కోసం."

"మంచిది. దేవుడి కోసమని చెప్పుంటే పంపించేసేదాన్ని. తల వంచుకుని రా, గుమ్మం పొట్టి."

వంచుకున్నాను. అయినా తగిలింది. ఆవిడ పేరు తెక్లక్క. పాటల బడి ఆవిడదే.

ఏప్రిల్ 10

పడుకునేది బెంచీ మీద. అటు తిరిగితే గోడ, ఇటు తిరిగితే నేల. తలగడ అంటే ఒక చెక్క ముక్క. మెడ పట్టేసింది.

నేను వీళ్ళలో చేరలేదు. ఇక్కడ పడుకుంటున్నాను, అంతే.

ఏప్రిల్ 14

ఇవాళ కట్టెల కుప్ప దగ్గర వెండెల్‌ని పట్టుకున్నాను. తెల్లంగీలో ఎవరో అనుకున్నాను ముందు.

"ఇంటికి పద."

"ఒట్టీ, నన్ను వదిలెయ్."

"వదిలింది నేనా నువ్వా? ఆవుల్ని ట్రుటర్‌కి ఇచ్చి వచ్చాను. పొలం దున్నేవాడు లేడు. పద."

నా మొహంలోకి చూడలేదు. గొడ్డలి అంచుకేసి చూస్తూ అన్నాడు: "కొండ మీదికి తీసుకుంటామన్నారు. వేసవిలో. నలభై రోజుల దీక్ష."

"ఏముందక్కడ?"

"చెప్పకూడదు."

"నాక్కూడా?"

గొడ్డలెత్తాడు. నా పుట్టింటివాళ్ళు ఎంత చెప్పినా వినకుండా చేసుకున్నాను ఈ మనిషిని. జర్మనీలో రైన్ నది నుంచి సముద్రం దాటి ఈ కొత్త దేశందాకా ఓడలో ఒకే దుప్పటి కింద వచ్చాం. ఇప్పుడు నాకు చెప్పకూడని మాటలొచ్చాయి.

ఏప్రిల్ 20

వంటింట్లో వేశారు. బార్లీ జావ, రై రొట్టె, ఎండబెట్టిన ఆపిల్ ముక్కలు. మాంసం లేదు. ఉప్పు వేయడానికి కూడా ఆలోచిస్తారు.

మే 2

వాన. ఏమీ లేదు.

మే 11

కొండ మీది ఇంటికి కాపలా ఉండే ముసలాయన్ని యోబు తాత అంటారు. మజ్జిగకని రోజూ వంటింటికి దిగి వస్తాడు. హైడెల్‌బెర్గ్‌లో న్యాయశాస్త్రం చదివాడట. కోటు బొత్తాలు తప్పుగా పెట్టుకుంటాడు.

ఇవాళ అడిగేశాను. "తాతా, కొండ మీద బంగారం చేస్తారా?"

"నేను చేశాను, చిన్నప్పుడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకడు రంగు గాజుముక్క అమ్మాడు, దాన్ని కాస్తే బంగారం వస్తుందని. ఇల్లు తగలబడింది." మజ్జిగ తాగి మీసం తుడుచుకున్నాడు. "బంగారం కోసం కాదులే. నేను వెతికింది మనుషుల్ని."

"ఏ మనుషుల్ని?"

అప్పుడు చెప్పాడు. వాళ్ళ తాత పుట్టకముందు జర్మనీలో ఒక చిన్న పుస్తకం అచ్చయిందట. అందులో రోజా పువ్వు, శిలువ గుర్తుగా పెట్టుకున్న రహస్య సోదరుల కథ. క్రీస్తుని లోపల చూసినవాళ్ళు, రోగులకి ఊరికే వైద్యం చేసేవాళ్ళు, ఎక్కడ కూడతారో ఎవరికీ తెలియనివాళ్ళు. యోబు తాత కుర్రాడిగా అది చదివి, చదువు మానేసి, వాళ్ళని వెతుకుతూ బయల్దేరాడు. ట్యూబింగెన్, కాసెల్, లండన్. బూట్లు అరిగిపోయాయి, జుట్టు నెరిసింది.

"దొరికారా?"

"ఒక్కడూ దొరకలేదు."

"అయితే లేరన్నమాట."

"మొదట్లో నిజంగానే లేరేమోనమ్మా. ఎవరో తెలివైన కుర్రాళ్ళు కథ అల్లి అచ్చేసుంటారు. కానీ ప్రతి ఊళ్ళోనూ నాలాంటివాడు ఒకడు తగిలేవాడు, 'మీరు ఆ సోదరులేనా?' అని నన్నే అడిగేవాడు. కాదనేవాణ్ణి. ఇద్దరం కలిసి భోంచేసేవాళ్ళం. కలిసి ప్రార్థన చేసుకునేవాళ్ళం. ఒకరి జబ్బుకి ఒకరు కూర్చునేవాళ్ళం. అలా లేని ఇంటికి దారి అడుగుతూ పోయినవాళ్ళం దారిలో కలిసి, చివరికి ఆ ఇల్లు మేమే కట్టుకున్నాం."

నా చేతిలో గరిటె ఆగిపోయింది.

ఇంకా వెనక్కి వెళ్ళాడు. నాలుగువందల ఏళ్ళ కిందట రైన్ ఒడ్డున 'దేవుని స్నేహితులు' ఉండేవారట. కొందరు మఠాల్లో, కొందరు బజార్లో బట్టలమ్ముతూ, కొందరు పిల్లల్ని సాకుతూ. ఒకరినొకరు గుర్తుపట్టేవారట, పేర్లు మాత్రం బయటపెట్టేవారు కాదట. రహస్యం ఎందుకని అడిగాను.

"చెబితే కాల్చేసే రోజులు కొన్ని. చెబితే పొగిడేసే రోజులు కొన్ని. రెండోది ఎక్కువ ప్రమాదం."

మా పుట్టిల్లు రైన్ ఒడ్డునే. మా అమ్మమ్మ శుక్రవారాలు పొద్దున్నే మాట్లాడేది కాదు, ఎవరింటికో వెళ్ళొచ్చేది. ఎవరింటికని ఎప్పుడూ అడగలేదు.

మే 12

ముసలాయన కథలకి పడిపోయేదాన్ని కాదు నేను. గడ్డి కోతలలోగా వెండెల్‌ని తీసుకుని వెళ్ళిపోతాను.

మే 30

తెక్లక్క నా గొంతు పట్టుకుంది. నిజంగానే, వేళ్ళు పెట్టి. అంట్లు తోముతూ ఏదో కూనిరాగం తీస్తున్నానట.

"ఇంత కింద నుంచి వస్తోందేమిటే నీ గొంతు! బావిలోంచి వచ్చినట్టు. ఏం తిన్నావు?"

"చిక్కుడు గింజలు."

"ఇక తినకు. గొంతు బరువెక్కుతుంది. తేనె కూడా తాకకు, బుర్ర చురుకెక్కి రాగం పరిగెడుతుంది. నా దగ్గర పైస్వరాలు పాడేవాళ్ళు పిచ్చుకల్లా ఉన్నారు, కిందిస్వరం మోసేదానికి మనిషి లేదు. రేపు బడికి రా."

"నేను ఇక్కడ ఉండనక్కా. మా ఆయన్ని తీసుకుని..."

"తెలుసులే. వెళ్ళేదాకా పాడు."

జూన్ 8

పాటల బడి. నోరు పెద్దగా తెరవకూడదు. ఊపిరి ముక్కుతో తీసుకోవాలి. తప్పు పాడితే తెక్లక్క అందరి ముందు ఏడిపిస్తుంది. కెతూరా అనే చిన్నదాన్ని ఇవాళ "గేటు కీచుమన్నట్టుంది" అంది. అది ఏడ్చింది. తర్వాత తెక్లక్కే వెళ్ళి దాని ముక్కు తుడిచింది.

ఐదు స్వరాలు కలిసినప్పుడు గోడలు లేనట్టు ఉంటుంది. ఎక్కడినుంచి వస్తోందో తెలియదు. నా గొంతు నాకు వినపడదు, కానీ నేను ఆపితే అన్నీ కుంగుతాయి. ఆపి చూశాను. తెక్లక్క చెప్పు విసిరింది.

జూన్ 9

కూరగాయల మళ్ళు. ఎండ.

జూలై 1

వెండెల్ ఇవాళ కొండెక్కాడు. మొత్తం పదముగ్గురు. ఏలీము పెద్ద గిద్యోను ముందు నడిచారు, అందరూ తండ్రిగారు అంటారు. ఆయన పొట్టి మనిషి, గొంతు మెత్తన, ఒకప్పుడు రొట్టెలు కాల్చేవాడట. ఇప్పుడు ఏలీమంతా ఆయన మాట మీద ఉంటుంది. నా పక్కనుంచి వెళుతూ ఆగారు.

"నా మీద కోపంగా ఉందా తల్లీ?"

"ఉంది."

"ఉండనీ. దాచుకోకు."

అంతే, వెళ్ళిపోయారు. తలుపు లోపలినుంచి గడియ వేసుకున్నారు. వెండెల్ వెనక్కి చూడలేదు.

గడ్డి కోతలైపోయాయి. ఆపిల్ పళ్ళ దాకా చూస్తాను.

జూలై 19

ట్రుటర్ ఇద్దరు రైతుల్ని వెంటేసుకుని వచ్చాడు. ఏలీములో క్యాథలిక్ పోపుగారి మనుషులున్నారని, ఫ్రెంచివాళ్ళకి గూఢచారులున్నారని, కొండ మీద దొంగ నాణేలు పోస్తున్నారని ఊళ్ళో మాట. గిద్యోను తండ్రిగారు విసుక్కోకుండా అన్నీ తిప్పి చూపించారు. మర, అచ్చు గది, మా బెంచీలు కూడా. ట్రుటర్ నా చెక్క తలగడ ఎత్తి చూసి "అబ్బో!" అన్నాడు.

"ఆ పై ఇల్లు?"

"దీక్షలో ఉన్నారు. నెలాఖరు దాటాక తలుపులు తెరుస్తాం. అప్పుడు రండి, మీరే మొదట లోపలికి వెళుదురు."

"దేవుణ్ణి తలుచుకునేవాడికి తలుపు గడియ దేనికయ్యా?"

"నువ్వు పెళ్ళాంతో మాట్లాడేటప్పుడు తలుపేసుకోవా?" అంది తెక్లక్క వెనకనుంచి.

వచ్చిన రైతులే నవ్వారు. ట్రుటర్ మొహం కందగడ్డ అయింది. వెళుతూ నా దగ్గర ఆగి గొంతు తగ్గించాడు. "నీ ఆవు ఈనింది. పెయ్యదూడ. మా పిల్ల ఊర్సెల్ దాన్ని వదలడం లేదు." చెడ్డవాడు కాదు. నోరే అలాంటిది.

తెక్లక్క మాటకి నేనూ నవ్వానని ఇప్పుడు గుర్తొస్తోంది. నేను ఎవరి పక్షం?

ఆగస్టు 2

పైన ఎవరికో జ్వరమట. ఎవరికో చెప్పరు.

ఆగస్టు 3

వెండెల్‌కే. కెతూరా నోరు జారింది.

ఆగస్టు 4

మధ్యాహ్నం కొండెక్కాను. ఎవరినీ అడగలేదు. యోబు తాత గుమ్మం ముందు ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"తప్పుకో తాతా."

"తప్పుకుంటాను. నువ్వు భార్యవి, హక్కుంది. గడియ కూడా తీయించే ఉంచాను. ఒక్కటి మాత్రం విను. నువ్వు అడుగుపెడితే దీక్ష ఆగిపోతుంది, పదముగ్గురిదీ. నిన్ను ఎవరూ ఒక్క మాట అనరు."

"చచ్చిపోతాడా?"

"తెలీదమ్మా."

అబద్ధమైనా చెబుతాడనుకున్నాను. చెప్పలేదు.

"నన్ను పిలిచాడా?"

"పిలిచాడు. నిన్న పొద్దుట్నుంచీ నీ పేరే. తెలివొచ్చినప్పుడు మాత్రం 'తనని రానివ్వకండి, ఇది నేనే పూర్తి చేయాలి' అన్నాడు."

"ఏది పూర్తి చేయాలి? ఏం చేస్తున్నారు మా ఆయన్ని?"

తాత తల అడ్డంగా ఊపాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. తలుపు మీద చెయ్యి పెట్టాను. దేవదారు చెక్క, ఎండకి వేడిగా ఉంది. తోస్తే చాలు. లోపల ఎవరో నీళ్ళు పిండుతున్న చప్పుడు. తడిగుడ్డ. ఇంకెవరో చాలా మెల్లగా చదువుతున్నారు. తర్వాత దగ్గు. ఆ దగ్గు నాకు తెలుసు. పదకొండేళ్ళు నా పక్కన దగ్గిన దగ్గు.

వాళ్ళు ఆయన్ని చూసుకుంటున్నారు. నేను చూసుకునేటట్టే.

గుమ్మం మెట్టు మీద కూర్చున్నాను. ఏం చేయాలో తెలియక కిందిస్వరం పాడాను, మిగతా నాలుగు స్వరాలూ లేకుండా. ఒక్కటే పాడితే అది పాటలా కూడా ఉండదు, మూలుగులా ఉంటుంది. లోపల చదువు ఆగింది. నేను పాడినంతసేపూ ఆగింది.

దిగొచ్చేశాను. తలుపు తోయలేదు. భయం వల్ల కాదు.

ఆగస్టు 5

భయం వల్ల కూడా.

ఆగస్టు 9

తిరుగుముఖం పట్టిందట జ్వరం. తెక్లక్క నాకు ఒక గిన్నెడు పాలు తెచ్చి ఇచ్చింది, అది నియమం కాదు. "తాగు, ఎవరూ చూడడం లేదు" అని అటు తిరిగి నిలబడింది.

ఆగస్టు 10

తలుపు తెరిచారు. వాళ్ళు ఎముకల గూళ్ళలా ఉన్నారు, నడుస్తుంటే గాలికి పడిపోతారేమోనని భయమేసింది. మొహాలు మాత్రం స్నానం చేయించిన పసిపిల్లల మొహాలు. చెప్పిన ప్రకారం ట్రుటర్‌కి కబురు పెట్టారు. వచ్చాడు, లోపలికి వెళ్ళి మూలమూలలా చూశాడు. పదమూడు చాపలు, ఒక బల్ల, నీళ్ళ కుండలు. "ఏమీ లేదే!" అన్నాడు, మోసపోయినవాడిలా.

వెండెల్‌కి ఓబద్యా అని కొత్త పేరు పెట్టారు. నాకు వెండెల్‌నే. నా దగ్గరికి వచ్చి నా మొహంలోకి చూశాడు. జనవరి తర్వాత ఇదే మొదలు. చాలాసేపు చూశాడు. నేనే తల తిప్పుకోవలసి వచ్చింది.

సెప్టెంబరు 15

"ఇంటికి వెళ్దామా ఒట్టీ?" అన్నాడు ఇవాళ.

ఆ మాట కోసమే కదా వచ్చాను.

"ఆపిల్ పళ్ళ పని అవనీ" అన్నాను.

అక్టోబరు 20

గుమ్మడికాయలు కోసి అటక మీదికి చేర్చాలి. ఇద్దరు అక్కలకి నడుం నొప్పి. ఇప్పుడు వెళితే బాగుండదు.

నవంబరు 12

క్రీస్తు జయంతి పాటలు మొదలుపెట్టాం. ఏడు స్వరాలది. కిందిస్వరం పాడేది నేనొక్కదాన్నే. అయ్యాక వెళ్ళొచ్చు.

వెండెల్ తొందరపెట్టడం లేదు. కట్టెలు కొడుతున్నాడు. ఒక్కోసారి మా కిటికీ కిందే కొడతాడు.

డిసెంబరు 6

లోయలో గొంతు జబ్బు.

డిసెంబరు 8

పొద్దున్న ట్రుటర్ గేటు దగ్గరికి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది, నెత్తిన మంచు. లోపలికి రమ్మన్నా రాలేదు. "ఊర్సెల్‌కి" అన్నాడు. ఇంకేమీ అనలేకపోయాడు. ఆ పిల్ల లీస్‌బెత్‌తో ఆడుకునేది.

అక్కలు గేటు దాటకూడదు, నియమం. నేను అక్కని కాను కదా. శాలువా తీసుకున్నాను. గిద్యోను తండ్రిగారు వరండాలో నిలబడి చూస్తున్నారు. ఆపుతారనుకున్నాను.

"అన్నలు కొందరు ఇవాళ చీకటితోనే దిగారు తల్లీ. నీ కంటే ముందు."

"నేను చూడలేదే? తెల్లంగీలు ఎవరూ..."

"తెల్లంగీలు వేసుకోలేదమ్మా" అన్నాడు పక్కనే ఉన్న యోబు తాత. "రైతుల కోట్లు వేసుకుని వెళ్ళారు. ఆ పాత పుస్తకంలో నియమం అదే. రోగుల్ని ఊరికే చూడాలి, ఆ ఊరివాళ్ళ బట్టలే కట్టాలి, ఎవరు పంపారో చెప్పకూడదు. కథ అని తెలిసినా మేం ఆ నియమం వదల్లేదు."

ట్రుటర్ ఇంట్లో పొయ్యి పక్కన నేల మీద వెండెల్ కూర్చుని ఉన్నాడు. పాత గోధుమరంగు కోటు, నేను అతుకు వేసిందే. ఊర్సెల్‌ని తన రొమ్ముకి ఆనించి నిటారుగా పట్టుకున్నాడు. ఆ చప్పుడు గుమ్మంలోనే వినపడింది నాకు. ఆ ఊపిరి చప్పుడు.

వెండెల్ పెద్దగా, నిదానంగా ఊపిరి తీస్తున్నాడు, పిల్లకి వినపడేటట్టు. "నాతో పాటు తల్లీ. తీసుకో. ఆఁ. ఇప్పుడు వదులు. తొందరేం లేదు. మళ్ళీ నాతో పాటు."

పిల్ల ఆయన కోటు బొత్తాం పట్టుకుని ఆయన ఊపిరి వెంట నడిచింది. నేను కాట్రిన్‌ని పట్టుకుని కూర్చున్నాను. తడిగుడ్డలు మార్చాను. మధ్యాహ్నం దాటాక పిల్ల ఊపిరి ఆగిపోయింది. వెండెల్ మాత్రం ఇంకా కాసేపు అలాగే ఊపిరి తీస్తూ ఉన్నాడు, మెల్లగా, ఆ పిల్లని ఎక్కడిదాకానో దిగబెట్టి వస్తున్నట్టు. తర్వాత కాట్రిన్ ఒళ్ళో పడుకోబెట్టాడు. పారిపోలేదు. బయటికి వెళ్ళలేదు. ట్రుటర్ గోడకి తల కొట్టుకుంటుంటే వెళ్ళి ఆ తలకీ గోడకీ మధ్య తన చెయ్యి పెట్టాడు.

డిసెంబరు 10

పాస్టరు రాలేడు, దారులు మూసుకుపోయాయి. ట్రుటర్ అడిగాడు: "మీరు పాడతారా?"

గిద్యోను తండ్రిగారు ఏమంటారోనని అందరం చూశాం. "నియమం నేను పెట్టిందే కదా" అన్నారు. "ఇవాళ్టికి నేనే తీస్తాను." అక్కలందరం మంచులో వెళ్ళాం. తెక్లక్క పెదవులు నీలంగా అయిపోయాయి, స్వరం మాత్రం తప్పలేదు. నేను కిందిస్వరం మోశాను. ఊర్సెల్ కోసం పాడాను. ఇంకొక పిల్ల కోసం కూడా. తెలిసే ఉంటుంది తెక్లక్కకి. పాట అయిపోయిందని అందరూ అనుకున్నాక, కళ్ళతో నాకు సైగ చేసి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు వెండెల్ నా పక్కన నడిచాడు. వాగు దగ్గర ఆగాడు.

"కొండ మీది సంగతులు చెప్పకూడదు. ఇది కొండది కాదు, నాది. చెబుతాను. లీస్‌బెత్ పోయిన రోజు అడవికి కట్టెలకి వెళ్ళానని చెప్పా కదా."

"ఆఁ."

"వెళ్ళలేదు. కొట్టం వెనక కూర్చున్నా. చెవులు మూసుకుని. దాని ఊపిరి అక్కడిదాకా వినపడేది ఒట్టీ. లోపలికి రాలేకపోయా. నిన్నొక్కదాన్నే వదిలేశా. అది పోయాక నీ మొహం చూడలేక..."

"తెలుసు."

నా వైపు తిరిగాడు.

"మంచులో నీ అడుగులు చూశాను. అడవి వైపు పోలేదవి."

తెలుసు నాకు. ఆ సాయంత్రమే తెలుసు. ఇన్ని నెలలూ ఈ కాగితాల మీద కూడా రాసుకోలేదు. అడవికే వెళ్ళాడనుకుంటే భరించడం తేలికని.

అక్కడే నిలబడి ఇద్దరం ఏడ్చాం. మొదటిసారి, ఒకేసారి.

ఆ నలభై రోజుల్లో లోపల ఏం జరిగిందని ఇక అడగను. ఒక మనిషి కొట్టం వెనకనుంచి లేచి ఆ పొయ్యి పక్కకి వచ్చి కూర్చోగలిగాడు. నా కళ్ళతో చూశాను.

డిసెంబరు 25

ఏడు స్వరాలూ నిలబడ్డాయి. తెక్లక్క ఎవరినీ తిట్టలేదు. అందరికీ భయమేసింది.

జనవరి 17, 1747

ఏడాది. వెండెల్, నేను కలిసి లీస్‌బెత్ దగ్గరికి వెళ్ళి వచ్చాం. ట్రుటర్ ముందే వచ్చి మంచు తోసి దారి చేసి పెట్టాడు.

ఫిబ్రవరి 20

"నన్ను కిందికి పంపుతున్నారు" అన్నాడు వెండెల్.

అన్నల్లో కొందరు ఇలాగే లోయలో, ఇంకా దూరపు ఊళ్ళలో ఉంటారట. తెల్లంగీ విప్పేసి పొలం చేసుకుంటూ, గుర్రాలకి లాడాలు కొడుతూ. ఎవరింట్లోనైనా జబ్బు చేస్తే వెళ్ళి కూర్చుంటారు. డబ్బు తీసుకోరు. ఎవరి మనిషో చెప్పరు. పక్కింటివాడు కూడా అలాంటివాడేనేమో తెలియదు.

"మరి నాకు చెప్పేస్తున్నావే?"

"నీకు చెప్పొచ్చా అని అడిగాను. తండ్రిగారు 'ఆవిడ తలుపు దాకా వచ్చి తోయలేదు. చెప్పు' అన్నారు." నా చెయ్యి పట్టుకున్నాడు. "వస్తావా?"

ఎన్నిసార్లు రాశానో ఇక్కడ, వెళ్ళిపోతానని. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"రాను వెండెల్. ఉండాలని ఉంది నాకు. నీ కోసం కాదు. నీ కోసమని మొదట్నుంచీ రాసుకుంటున్నాను, కాదు."

కోపం వస్తుందనుకున్నాను. తల ఊపాడు.

"ఆ రోజు మెట్టు మీద పాడావు చూడు. అప్పుడే అనుకున్నా, ఈవిడ ఇక ఇంటికి రాదని." కళ్ళు తుడుచుకుని నవ్వాడు. "నా దగ్గు గుర్తుపట్టావటగా. తాత చెప్పాడు."

"దగ్గు తగ్గేదాకా మిరియాల కషాయం తాగు. మానేస్తావు నువ్వు."

"ఇక్కడ శనివారమేగా ఆరాధన, వస్తా. అప్పుడు తిట్టు."

ఫిబ్రవరి 27

వెళ్ళాడు. గోధుమరంగు కోటు వేసుకుని, గొడ్డలి భుజాన పెట్టుకుని. గేటు దాకా నేను వెళ్ళాను. యోబు తాత ఆయన్ని కావిలించుకుని, పాపం ఆయన కోటుకి కూడా బొత్తాలు తప్పుగా పెట్టాడు.

లోయలో ఇప్పుడే అనేసుకుంటున్నారట. వెండెల్‌కి ఏలీము కుదర్లేదు, చేతకాక తిరిగొచ్చేశాడు, పెళ్ళాన్ని అక్కడే పోగొట్టుకున్నాడు అని. పాలు పోయడానికి వచ్చినావిడ నాకే చెప్పింది, జాలిగా. అవునా అన్నాను. అనుకోనీ. వాళ్ళ ఇళ్ళలో ఎవరికైనా ఊపిరి ఆడనప్పుడు తలుపు తట్టేది ఆయనే. పొరుగింటి రైతు ఏదో పనిలేక వచ్చి కూర్చున్నాడనుకుంటారు. ఈ లోయలో ఆయనెవరో తెలిసిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఇంత పెద్ద మాట మోస్తూ తేలిగ్గా ఉండొచ్చని నాకు తెలియదు.

వంపు దగ్గర ఆగి, తిరిగి, టోపీ ఎత్తి ఊపాడు. నేనూ చెయ్యి ఊపాను. చాలాసేపు అక్కడే ఉన్నాను కాబోలు.

"ఒసేయ్ ఒట్టీలియా! పిచ్చుకలు ఎత్తుకున్నాయి, కిందిస్వరం ఎవరు మోస్తారు? ఎక్కడ చచ్చావే!"

తెక్లక్క గొంతు వాగు అవతలికి కూడా వినపడి ఉంటుంది. చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాను.